అడ్మిన్ అక్క

“ఇక్కడ పెట్టు సంతకం,” అన్నాడు మేనేజర్.

సుధాకర్ కాగితం చదివాడు. ఫ్యాక్టరీ నాలుగో లైన్‌లో కాలర్లు కుట్టే రాధికే ‘మన లైన్ మాట’ పేజీకి అడ్మిన్ అని అందులో రాసి ఉంది. కంపెనీ పరువు తీసినందుకు ఆమెను పనిలోంచి తీసేస్తున్నారట. కింద లైన్ సూపర్‌వైజర్ సంతకానికి ఖాళీ వదిలారు. ఆ సూపర్‌వైజర్ సుధాకరే.

“ఆ అమ్మాయి కాదేమో సార్,” అన్నాడు.

“ఏమో అంటే కుదరదు. ఆమె కాకపోతే ఎవరో నువ్వే చెప్పు.”

సుధాకర్ పెన్ను తీసుకున్నాడు.

హిందూపురం గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఆ పేజీ తెలియని ఆడమనిషి లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టిన కొత్తలో పట్టుమని పదిమంది చేరలేదు పాపం. రాస్తే పని పోతుందని అందరికీ భయం. అయినా అడ్మిన్ ఓపిక మామూలు ఓపిక కాదు. ‘మీ పేరు వద్దు, ఎవరి పేరూ వద్దు. ఈ వారం మీ పనిలో జరిగిన ఒక మంచి, ఒక చెడ్డ చెప్పండి చాలు’ అని ప్రతి శుక్రవారం పోస్టు పడేది. టైపు చేయడం రానివాళ్లు వాయిస్ మెసేజ్ పంపేవాళ్లు. అడ్మిన్ వాటిని విని, ఆనవాళ్లు తీసేసి, అక్షరాల్లో పెట్టాలి. ఆ అడ్మిన్ ఎవరో సభ్యులకు తెలియదు. మొదట్లో ఎవరో ‘అక్కా’ అని పిలిచారు, అదే పేరైపోయింది.

ఏడాది తిరిగేసరికి ఏడువేల మంది! పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు బిగించే కాంట్రాక్టు కుర్రాళ్లు, ధర్మవరంలో పట్టుచీరలు మడతపెట్టే ఆడవాళ్లు కూడా చేరారు. ఒక క్యాంటీన్ సాంబారులో పప్పు కనబడింది. ఇంకోచోట మూలపడ్డ ఫ్యాన్లు తిరిగాయి. ఎదురుగా నిలబడి ఎవరూ అడగలేని మాటలు ఆ పేజీ అడిగేది.

నాలుగో లైన్ గురించీ రాశారు. ‘మా సూపర్‌వైజర్ గంటకు ఎనభై పీసులని పీకల మీద కూర్చుంటాడు’ అని ఒకరు. ‘ఆయన అరుపులకు నీళ్లు తాగాలన్నా భయమే’ అని ఇంకొకరు. సుధాకర్ ఒక్కటీ వదలకుండా చదివేవాడు. చదివిన రోజు అన్నం దిగేది కాదు. టార్గెట్ పైనుంచి వచ్చి అతని నెత్తిన పడేది, అతను లైన్ మీద పడేవాడు. పన్నెండేళ్ల కింద హెల్పర్‌గా చేరి ఇంతవాడైన మనిషికి మేనేజర్ ముందు మాత్రం నోరు లేవదు. ఏం మనిషో!

కొంప ముంచింది ఒక ఫొటో. నలభై ఆరుమంది ఉన్న లైన్‌కు బాత్రూమ్ టోకెన్లు రెండే. అవి చేతికొచ్చేదాకా ఎవరూ మిషన్ ముందు నుంచి లేవకూడదు. మేకుకు వేలాడే ఆ రెండు చెక్కముక్కల ఫొటో పేజీలో పడింది. వందలమంది షేర్ చేశారు. ఫొటో మూలన రాధిక మిషన్ నంబరు స్పష్టంగా కనబడింది. పనివాళ్లు ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చి రావాలి. కూతురికి జ్వరమని రాధిక ఒకసారి ఫోన్ దాచుకొచ్చి దొరికిపోయింది కూడా. మేనేజర్‌కు ఇంకేం కావాలి?

సంతకం పడింది. రాధిక పని పోయింది.

ఆదివారం మధ్యాహ్నం సుధాకర్ పెనుకొండ బస్సెక్కాడు. భర్త పోయాక రాధిక కూతురితో సహా పుట్టింట్లో తల్లి దగ్గరే ఉంటోంది. ముగ్గురికీ ఆమె జీతమే ఆధారం. వెళ్లేసరికి తల్లి సోమక్కతో కలిసి వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

“ఎవురప్పా?” అంది సోమక్క.

“మా సూపర్‌వైజర్ సారుమా. కూసోండి సార్.”

అతను కూర్చోలేదు. “తప్పయిపోయింది రాధికమ్మా,” అన్నాడు.

“నేను సదివింది ఐదు సార్. ఆ పేజీ నడిపేదానికి నాకు యాడొస్తాది? మీకు తెలీదా?”

“తెలుసమ్మా.”

“తెలిసీ పెట్నారా సంతకం?”

సుధాకర్‌కు తల కొట్టేసినట్టయింది.

“చేసినోళ్లు బాగానే ఉండారు,” అంది సోమక్క శనక్కాయ చిదుపుతూ. “నా బిడ్డ ఉసురు ఎవురికి తగలాలో నువ్వే చెప్పప్పా.”

అతను ఆ మాట విననట్టే అన్నాడు. “ధర్మవరంలో అబ్దుల్లా అని, తెలిసినాయనకు చీరల షాపుండాది. నీ గురించి చెప్పినాను. రేపే రమ్మన్నాడు.”

“పొద్దున పోతే ఎప్పుడొస్తానో! అంతసేపు పాపనెవరు సూస్తారు సార్? మాయమ్మకు కండ్లు ఆనవు. ఫ్యాక్టరీ బస్సయితే ఇంటి ముందరికే వచ్చేది.” రాధిక లేచి నిలబడింది. “మేనేజర్ సారుకు ఒక్క మాట సెప్పండి సార్. అడ్మిన్ ఈయమ్మ కాదని. మీరు సెప్తే ఇంటాడు.”

“ఈమె కాకపోతే ఎవరంటాడమ్మా?”

“ఎవరో మనకేం తెల్సు సార్!”

సుధాకర్ వస్తానని చేతులు జోడించి వెనక్కి తిరిగాడు. రాధిక వీధి మలుపు దాకా వచ్చింది.

“ఆ అక్క ఎవరో గానీ సల్లగుండాల సార్. మాలాంటోళ్ల కోసం ఎంత తెగించింది! నాకు జరిగింది కూడా రాయకుండా ఉండదులే.”

బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటూ దొరికింది. పెనుకొండ దాటేదాకా అతను ఎవరి ముఖమూ చూడలేదు.

ఆ తర్వాత సుధాకర్ ఫోన్ తీసి, కళ్లు తుడుచుకుని, తన పేజీలోని ఏడువేల మందికీ ఒక కొత్త పోస్టు పెట్టాడు: “రాధిక నోటికాడి కూడు లాగేసిన ఆ సూపర్‌వైజర్‌కు సిగ్గూ శరం లేవు, ఇట్లు మీ అడ్మిన్ అక్క.”