మిగిలిన ఒక్క రివ్యూ

బంతి ప్యాడ్‌కి తగలగానే అంపైర్ వేలెత్తేశాడు. కెప్టెన్నయినా సరే, ఈ ఇన్నింగ్స్‌లోనూ పరుగులు రాలకపోతే కొత్తగా కడుతున్న జట్టులో నాకు చోటుండదని సెలక్టర్లు మొహం మీదే చెప్పారు.

అంపైర్ మాట కాదనడానికి మాకు మిగిలింది ఒక్క రివ్యూ. అవతలి వైపు నిలబడ్డది పిల్లకాకి. మీసం సరిగా మొలవకుండానే పేపర్లవాళ్లు నెత్తికెక్కించుకున్న కుర్రాడు. వాణ్ని అడగడం నాకు చచ్చేంత నామోషీ. అయినా అడిగాను.

"ఏంట్రా, వికెట్లకి తగిలేదేనా?"

"మిడిల్ స్టంపే అన్నా. రివ్యూ దండగ, వెళ్లిపోండి."

వెళ్లిపోయాను. డ్రెస్సింగ్ రూమ్ టీవీలో చూస్తే బంతి లెగ్ స్టంప్‌కి జానెడు దూరంగా పోతోంది. హెల్మెట్ తీసి గోడకేసి కొట్టాను.

కాసేపటికి వాడికీ అంపైర్ వేలెత్తాడు. వాడు ఎవర్నీ అడగలేదు. నేను వదిలేసిన రివ్యూతో బతికిపోయి, సెంచరీ కొట్టి, మ్యాచ్ గెలిపించాడు.

లోపలికి రాగానే వాడి కాలర్ పట్టుకున్నాను.

"నీకు అక్కణ్నుంచి కనబడలేదట్రా?"

"బాగానే కనబడిందన్నా."

"మరి నా కొంప ఎందుకు ముంచావు?"

వాడు నా చెయ్యి విడిపించుకోలేదు.

"పోయిన మ్యాచ్‌లో నేను నాటౌటని మీకూ బాగానే కనబడింది" అన్నాడు. "ఫామ్‌లో లేనివాడి మీద రివ్యూ తగలెయ్యకూడదని ఆరోజు మీరేగా నేర్పారు."