కర్సర్ ఆగే చోటు

"మళ్లీ ఆగింది!" అని నౌరెస్ విసుక్కుంది.

'డోసు' అని కొట్టి ట్యాబ్ నొక్కితే చాలు, పదిహేను వరుసల కోడ్ దానంతటదే వచ్చి పడుతుంది. మందు ఎక్కించే ఆసుపత్రి పంపులన్నిటికీ ఆఫీసులో వాడేది ఆ పాత కోడ్ మూసే.

అంతా బాగానే ఉంటుంది. గంటకి ఎన్ని మిల్లీలీటర్లు దాటకూడదో చెప్పే చోట మాత్రం ఖాళీ. కర్సర్ అక్కడ మిణుకుమిణుకుమంటూ మొండికేస్తుంది. అంకె మనమే వేయాలి.

"అరవై పెట్టి పారెయ్" అన్నాడు పై ఇంజనీరు షుక్రీ. "రంజాన్ పూట గొంతు ఎండిపోతుంటే ప్రతిసారీ ఎవడు లెక్కేస్తాడు? పెద్దవాళ్ల పంపులే కదా ఎక్కువ. పసిపిల్లల దానికి తర్వాత మారుద్దాం."

నౌరెస్ మూసలోనే అరవై పెట్టేసింది. ఆపైన కర్సర్ ఎక్కడా ఆగలేదు. పని చకచకా తెమిలింది.

రెండు రోజుల తర్వాత పంపులు వ్యానులోకి ఎక్కిస్తుంటే గేటు దగ్గర గొడవ.

"ఈ ముసలాయన వదలట్లేదమ్మా" అన్నాడు వాచ్‌మన్ మబ్రూక్.

మాసిన కోటు, చేతిలో ఖర్జూరాల పొట్లం. నౌరెస్‌ని చూడగానే ముందుకొచ్చాడు.

"పసిపిల్లల పంపు చేస్తున్నారట కదా తల్లీ? అంకె చేత్తోనే వేశారా?"

"మీరెవరు బాబాయ్?"

"రీమ్ నాన్నని. మూడు కిలోలుండేది మా పాప. మందు ఎక్కువ పోయింది."

నౌరెస్‌కి జాలేసింది. పైనుంచి షుక్రీ అరిచాడు.

"ఎవరి బిడ్డో పోతే మనమేం చేస్తాం? ఆసుపత్రి వాళ్లనే అడగమను!"

"అదంతా కంప్యూటర్ చూసుకుంటుంది బాబాయ్, భయపడకండి" అంది నౌరెస్ మెల్లగా.

"నేనూ అలాగే అనుకున్నా తల్లీ."

మబ్రూక్ రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. ఆయన గింజుకోలేదు. పొట్లం మాత్రం గేటు సందులోంచి లోపలికి అందించాడు.

"ఉపవాసం విడిచేటప్పుడు తిను."

వ్యాను గాబెస్ ఊరి ఆసుపత్రికి దారి పట్టింది. రెండు గంటల ప్రయాణం.

సాయంత్రం అందరూ ఇళ్లకు పరుగెత్తారు. నౌరెస్ కంప్యూటర్ కట్టేయబోతూ, ఎందుకో పసిపిల్లల పంపు కోడ్ తెరిచింది.

అరవై.

నాలుగు ఉండాలి. కర్సర్ ఆగలేదు. ఆమే కాదు, ఎవరూ ఆగి చూడలేదు.

వెంటనే గాబెస్ ఆసుపత్రికి ఫోన్ కలిపింది. మోగుతోంది. ఎత్తేవాళ్లు లేరు.

ఉపవాసం విడిచే వేళైందని బయట ఫిరంగి పేలింది. ఇక్కడి స్ఫాక్స్ నుంచి అక్కడి గాబెస్ దాకా అందరూ సూప్ గిన్నెల ముందు కూర్చున్నారు. షుక్రీ కూడా ఎత్తలేదు.

పంపులు ఈపాటికి ఉయ్యాలల పక్కన తగిలించే ఉంటారు.

ఒక చెవికి ఫోన్ ఆనించుకునే, పాత మూసని వెనక్కి తెద్దామని దాని మార్పుల చిట్టా తెరిచింది. పదకొండేళ్ల కిందటి మూడు వరుసలు కనిపించాయి. మూడూ ఒకడే రాశాడు.

'మూస తయారైంది.'

'ప్రతిసారీ ఆగడం ఎందుకని, అరవై పెట్టేశాను.'

ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. నౌరెస్ చివరి వరుస చదివింది.

'అరవై తీసేశాను, ఇకమీదట ఇక్కడ కర్సర్ ఆగాలి. ఇట్లు, రీమ్ నాన్న.'