నాలుగు రోజుల నడక

"కూర్చో తాతా, బస్సొచ్చేలోగా చొక్కా చెమటకి తడిసిపోతుంది," అంది నెనిత.

ఫెర్మిన్ తాత వింటేగా! లుబావో బస్టాండులో పొద్దున్నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు. నలభై ఏళ్ళుగా వెతుకుతున్న మనిషి మనీలా నుంచి వస్తున్నాడు మరి. ఇంట్లో అవ్వ అప్పటికే పెద్ద బాణలి నిండా పన్సిత్ నూడుల్స్ చేసి పెట్టింది.

పక్కింటి ఇలారియో తాత పాత సైనిక టోపీ, పతకాలన్నీ పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జెండా కింద బతాన్‌లో పోరాడి, జపాను వాళ్ళకి చిక్కి, మండుటెండలో ఖైదీలుగా నడిచినవాళ్ళే.

"నీ పతకాలేవిరా?" అడిగాడు ఇలారియో.

"ఇవాళ వద్దనిపించింది."

"పింఛను ఇస్తామని చెప్పి అమెరికా వాడు మాట తప్పాడు. నీ నేస్తమూ తప్పుతాడేమో చూడు."

"తప్పడు."

"ఇంతకీ అతనిది ఏ దళం?"

"నీకు తెలియదులే. నాలుగు రోజులు నా పక్కనే నడిచాడు."

నెనితకి ఆ కథ కంఠతా వచ్చు. దాహంతో తాత సొమ్మసిల్లితే ఆ మనిషి తన నీళ్ళే తాగించాడు. చీకటి పడుతుండగా చెరకు తోటలోకి తోసి, పొమ్మని సైగ చేశాడు.

"మరి ఆయనెందుకు పారిపోలేదు తాతా?" అని ఎప్పటిలాగే అడిగింది.

"వీలుపడలేదమ్మా," అన్నాడు తాత ఎప్పటిలాగే.

అంతలో దుమ్ము రేపుకుంటూ బస్సొచ్చింది. గడ్డి టోపీ పెట్టుకున్న బక్కపలచటి ముసలాయన తలవంచుకుని మెట్లు దిగాడు. ఫెర్మిన్ పరుగున వెళ్ళి వాటేసుకున్నాడు. ఇద్దరి భుజాలూ కదులుతున్నాయి.

ఇలారియో నిటారుగా నిలబడి, తడి కళ్ళతో సెల్యూట్ చేశాడు.

ముసలాయన టోపీ తీసి, నడుము దాకా వంగి లేచాడు. ఆ ముఖం చూడగానే ఇలారియో చెయ్యి కిందికి జారబోయింది. ఫెర్మిన్ దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"దించకురా. నన్ను పారిపోనిచ్చిన జపాను కాపలావాడు ఈయనే."