సిగరెట్ పెట్టె

మంగళవారం ఉదయం పదకొండూ పదికి, రామచంద్రపురంలో అత్తవారింటి వాకిట్లో, శ్యాంబాబు కారు తాళం తిప్పాడు. సైలెన్సర్ ‘ఢాం’ అంది. ఇంజను ఆగిపోయింది.

అది పోయిన మావగారి అంబాసిడర్. రిజిస్ట్రేషన్ గడువు ఆ రోజుతో సరి. నాలుగింటిలోగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టలేకపోతే తుక్కుకి ఇచ్చేయాలని ఇంట్లో అనుకున్నారు.

“టైమింగే కదా, నేను పెడతాను” అని ఆదివారం అన్నది శ్యాంబాబే.

అప్పట్నుంచి, ప్లగ్గులకి నిప్పురవ్వ ఎప్పుడందాలో తేల్చే డిస్ట్రిబ్యూటర్ ఇటు తిప్పితే ఇంజను ఎదురు తంతోంది. అటు తిప్పితే సైలెన్సర్ పేలుతోంది. ఫోన్లో వీడియో పదిహేనుసార్లు చూశాడు.

అత్తగారు మాణిక్యాంబ గుమ్మం అవతలి నుంచి కాఫీలు పంపుతోంది. ప్రతి గ్లాసుకీ అతను తలొంచుకుంటున్నాడు. నా వల్ల కాదు అనడానికి నోరు రావడం లేదు.

పదకొండున్నరకి గేటు తెరుచుకుంది. నల్లకళ్ళద్దాల ముసలాయన వచ్చి మడ్‌గార్డుకి కొట్టుకున్నాడు. దాన్ని అరచేత్తో తడుముతూ బానెట్ దాకా వచ్చాడు.

“పొద్దున్నే మందేసేశావా తాతా?”

“లేదండి. ఓసారి తాళం తిప్పండి బాబుగారూ.”

శ్యాంబాబు విసుగ్గా తిప్పాడు. ముసలాయన తల పక్కకి వంచి విన్నాడు.

“చాలండి. ఓ సిగరెట్ పెట్టె ఉంటే ఇప్పిస్తారా?”

“పెట్రోలు ఇంత కంపు కొడుతుంటే సిగరెట్టా? ఇల్లు తగలబెడతావా?”

“అది కాదండి...”

“నడవవయ్యా ముందు!”

“ఆయ్. అలాగేనండి.”

గేటు తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగు దాటింది. కారు కదల్లేదు. భార్య హేమశ్రీ వాకిట్లోకి వచ్చింది.

“బుల్లియ్యగారు ఇంకా రాలేదా అని అమ్మ అడుగుతోందండి.”

“ఎవరాయన?”

“ద్రాక్షారామం మెకానిక్. ముప్ఫయ్యేళ్ళు ఈ కారు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు నాన్న. చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని అమ్మ చాటుగా కబురు పెట్టిందట.”

శ్యాంబాబు చేతిలో స్పానర్ కింద పెట్టాడు.

“ఒకాయన వచ్చాడు. సిగరెట్ పెట్టె అడిగాడు. పొమ్మన్నాను.”

“అయ్యో, ఆయన సిగరెట్ ముట్టరండీ! పెట్టెలో పల్చటి కాగితం ఉంటుంది కదా, దాన్ని లోపల కరెంటు కలిపి విడదీసే పాయింట్ల మధ్య పెట్టి లాగుతూ డిస్ట్రిబ్యూటర్ తిప్పుతారు. కాగితం వదిలిన చోటే టైమింగ్.”

“ఆ కాగితమెందుకు, లైటు పెట్టి, అది వెలిగిన చోటు చూసుకోవచ్చుగా?”

“ఆయనకి చూపు పోయి తొమ్మిదేళ్ళయిందండి.”