భుజం

"చెయ్యి పైకెత్తమ్మా," అన్నాడు డాక్టరు.

ఆమె కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. బటర్‌ఫ్లై ఈతలో మూడేళ్లుగా ఆమెను దాటినవాళ్లు లేరు. ఈ ఉదయం సాధనలో ఆ చెయ్యే నీళ్లలోంచి పైకి లేవలేదు.

డాక్టరు స్కాన్ చూశాడు. "కండరం పూర్తిగా తెగింది. రెండేళ్ల క్రితమే ఆరునెలలు ఈత మానమని రాశాను కదా?"

"నాకెవరూ చెప్పలేదండీ."

"అప్పుడు నీకు పదహారేళ్లు. రిపోర్టు మీ అమ్మగారికే ఇచ్చాను."

ఆమె పక్కనే కూర్చున్న తల్లి వైపు తిరిగింది. ఈత నేర్పిందీ, ఇప్పటికీ గట్టు మీద నిలబడి టైము చూసేదీ ఆ తల్లే.

"చెబితే ఆ ఏడు పతకం వచ్చేదా?" అంది తల్లి. తర్వాత డాక్టరుతో, "పోనీ, ఫ్రీస్టైల్ అయినా ఈదగలదా?" అంది.

"ఈ చేత్తో జడ వేసుకోవడమే కష్టం."

తల్లి లేచింది. "పదవే. చెల్లి సాధనకు టైమవుతోంది."

ఆమె లేవలేదు. పదమూడేళ్ల చెల్లి నాలుగు రోజులుగా ఎడంచేత్తో తల దువ్వుకుంటోంది.

"డాక్టరుగారూ, మా చెల్లిని కూడా చూశారా?"

"పోయిన వారమే. ఆ పాపది చిన్న చీలికే, ఈత ఆపితే మానిపోతుంది. ఆపారుగా?"

తల్లి గడియారం చూసుకుంది. కూతురు ఎడంచేత్తో ఫోను తీసి చెల్లికి చేసింది.

"నువ్వు నీళ్లలోకి దిగకు. నీ భుజం బాగాలేదు."

"తెలుసక్కా, అమ్మ అంతా చెప్పింది," అంది చెల్లి. "నువ్వు కూడా ఇలాంటి భుజంతోనే పతకం తెచ్చావట కదా. నేనూ నీ అంతదాన్ని అవుతాను."