బొటనవేలి తాడు

దెబోరాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. బిడ్డ ఏడిస్తే తనకు వినపడదు.

అత్త కనకవ్వ సరిగ్గా ఆ భయం మీదే దెబ్బ కొట్టింది. హుజూరాబాద్ నుంచి పొద్దుటి బస్సుకే చొప్పదండిలో దిగి, వస్తూనే వాడంతా వినేటట్టు అరిచింది.

“చెవులు ఇనరానిదాని చేతిల పసిపిల్లను ఎట్ల ఇడుస్తరు? ఆర్నెల్ల పిల్లాయె! మహిమ బట్టలు సదురు, నేను తీస్కపోత.”

అత్త పెదవులు చదువుకున్న దెబోరా ముఖం పాలిపోయింది.

“జర ఆగు పెద్దమ్మా.” అదే వాడలో ఉండే షారోన్ వచ్చి కనకవ్వకు ఎదురుగా నిలబడింది. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, వినపడని తల్లుల కోసం చేతిపట్టీ తయారుచేస్తోంది ఆ పిల్ల. “ఇయ్యాల్నే పరీక్ష. పట్టీ పనిచెయ్యకుంటే తీస్కపో.”

“పోయినసారి కుక్కరు కూతకు అదిరిందట గదా నీ పట్టీ! మేక అరిస్తే సుత అదిరిందట!”

“అందుకే మైకు తీసేయించిన అత్తమ్మా,” అంటూ దెబోరా చీర ఊయలకు కట్టిన తాడు చూపించింది. ఇన్నాళ్లూ దాని రెండో కొస కాలి బొటనవేలికి కట్టుకునే ఆమె బియ్యం ఏరింది, కునుకు తీసింది. “ఏడ్వకముందే పిల్ల కాళ్లు తన్నుకుంటది. తాడు గుంజుతది. ఆ గుంజుడునే పట్టుమన్న.”

ఇప్పుడా కొసన అగ్గిపెట్టెంత డబ్బా ఉంది. తాడు కదిలితే దెబోరా మణికట్టు మీది పట్టీ అదురుతుంది.

“సరే, నేను పిల్లను ముట్ట. చూస్త మీ బడాయి.” కనకవ్వ ఊయలకు వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు తుంచసాగింది. దెబోరా బట్టలు పట్టుకుని పెరట్లోకి వెళ్లింది.

పావుగంటకు మహిమ కాళ్లు తన్నుకుంది. ఆ వెంటనే ఇల్లెగిరిపోయేట్టు ఏడుపు. గోడ అవతలి నుంచి పక్కింటి కొమురవ్వ తొంగి చూసింది. కనకవ్వ మాత్రం కదల్లేదు. ‘ఎంత మొండిది!’ అనుకుంది షారోన్.

సబ్బు చేతులతోనే దెబోరా పరుగెత్తుకొచ్చింది. పిల్లను ఎత్తి గుండెకు హత్తుకుంది. ఏడుపు ఆగింది. పట్టీ ఇంకా అదురుతూనే ఉంది.

“గెలిచినవక్కా!” షారోన్ కనకవ్వ ముందుకొచ్చి చప్పట్లు కొట్టింది.

కనకవ్వ వెనక్కి తిరిగి చూసి మూతి తిప్పింది.

“ఏం గెలిచుడే? పిల్ల అసలు ఏడ్వనే లేదు గదా!”

మీ ఇంట్లోనూ గట్టిగా మాట్లాడే పెద్దావిడ ఉంటే, ఈ పూటే ఒకసారి వెనక నుంచి పిలిచి చూడండి.