బొమ్మలో లేనిది

అంత గొప్ప షాటు లోకంలో ఇంకొకటి లేదు. ఉందని ఎవరైనా రుజువు చేస్తే నా మీసం తీయించుకుంటాను.

"అత్తయ్యా, ఆగండి! ఆగమన్నానా లేదా?"

డైరెక్టరు అల్లుడి కేక ఖాళీ ఐసు ఫ్యాక్టరీ గోడలన్నిటినీ పలకరించి వెనక్కి వచ్చింది. తలుపు దగ్గర అత్తగారు గాల్లో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏం చేశాను నాయనా?"

"తాళం వేశాక తలుపుని ఎందుకు నిమిరారు? బొమ్మలో ఉందా?"

"ముప్పై ఏళ్ళు ఇక్కడే చాకిరీ చేశాను. చెయ్యి దానంతటదే పోయింది."

"పోకూడదు. నల్ల బాణం ఎటుంటే మీరు అటు. బాణం లేనిచోట మీ కనుబొమ కూడా కదలకూడదు."

ముందు కాగితం మీద బొమ్మ గియ్యందే ఆ మనిషి తుమ్మనైనా తుమ్మడు. నల్ల బాణం మనిషి నడకకి, ఎర్ర బాణం కెమెరా నడకకి. మూతపడిన ఫ్యాక్టరీకి తాళం వేసి ఒక కార్మికురాలు ఆఖరిసారి వెళ్ళిపోతుంది. ఆమె గేటు చేరగానే వెనక గోడ కూలుతుంది. అదీ అతని చిన్న సినిమాకి ముగింపు. కూల్చే యంత్రం గోడ అవతల సిద్ధంగా ఉంది. కొన్నవాళ్ళు ఎలాగూ పడగొడుతున్నారు గనక, ఈ ఉదయం దాకా ఆగుతామన్నారు. మనిషి తప్పు చేస్తే మళ్ళీ నడిపించొచ్చు. గోడని మళ్ళీ నిలబెట్టేదెవరు? ఆ గోడ లేకపోతే సినిమాకి ముగింపు లేదు, ముగింపు లేకపోతే సినిమాయే లేదు. అందుకే అతనికి నెల రోజులుగా నిద్ర లేదు, అతని మూలాన ఇంట్లో ఎవరికీ లేదు.

అతను చెబుతుంటే బొమ్మలన్నీ గీసింది పెళ్ళామే. ఇప్పుడు ఐసు దిమ్మలు మోసిన పాత తోపుడుబండి మీద కెమెరా పెట్టుకుని ఆమె తమ్ముడు కూర్చున్నాడు. బండి లాగే పని కూడా ఆమెకే పడింది.

"గీసేదీ నేనే, లాగేదీ నేనే. మీరేం చేస్తారండీ?"

"ఆలోచిస్తాను."

"అందుకేనా, అందరికంటే మీరే ఎక్కువ ఆయాసపడుతున్నారు?"

అతను ఆ మాట మింగేసి బావమరిది మీద పడ్డాడు. "ఒరేయ్! కెమెరా పైకెందుకు తిప్పావు?"

"దూలం మీద పావురం, బావా. ముద్దుగా ఉంటేనూ..."

"పావురం బొమ్మలో ఉందా?"

"లేదు."

"మరి? నీ సొంత తెలివి మూటగట్టి సంచిలో పెట్టు. నేను ఎత్తిన కాగితంలో ఏముంటే అది చెయ్యి. లేనిది పీక మీద కత్తి పెట్టినా చెయ్యకు."

"సరే బావా."

వాడు మాట జవదాటే రకం కాదు. ఉప్పు తెమ్మంటే ఉప్పే తెస్తాడు. పక్కన ఇల్లు అంటుకున్నా చెప్పడు, ఎవరూ అడగలేదు గనక.

"మరి మొదలెట్టమని కేకెయ్యవా, బావా?"

"వెయ్యను. గోడ కూలే చప్పుడు తప్ప ఇంకేదీ వినపడకూడదు. ఈ పూట నా నోటికి సెలవు."

"దేవుడున్నాడు," అంది పెళ్ళాం.

మళ్ళీ మళ్ళీ నడిపించాడు. ఒకసారి అత్తగారు దగ్గింది. ఒకసారి బండి చక్రం కీచుమంటే వంటనూనె పోశారు. ఇంకోసారి అంతా కుదిరింది గానీ, నల్ల బాణం కంటే ఆవిడ కాస్త పక్కగా నడిచింది.

"అక్కడ ఎప్పుడూ నీళ్ళు నిలిచేవి నాయనా, జారి పడతాం."

"ఇప్పుడు లేవు కదా అత్తయ్యా!"

"కాళ్ళకి తెలియదే."

అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. చేతిలో కాగితాలు నలిగాయి. అవతల యంత్రం నడిపేవాడు హారన్ కొట్టాడు. ఇక ఆగనన్నమాట.

అల్లుడు మొదటి కాగితం ఎత్తాడు.

అత్తగారు తాళం వేసింది. తలుపుని నిమరలేదు. రెండో కాగితం లేచింది. ఆవిడ నడిచింది, ఆవిడ ముఖాన్ని చూస్తూ బండి వెనక్కి వెనక్కి జరిగింది, కిక్కురుమనకుండా. నల్ల బాణం, ఎర్ర బాణం కవలపిల్లల్లా సాగాయి. మూడో కాగితం. గేటు. బండి ఆగింది.

అత్తగారు కూడా ఆగింది.

బొమ్మలో ఆగడం లేదు. ఆవిడ వెనక్కి తిరిగి, రోజూ డ్యూటీ దిగేటప్పుడు చెప్పినట్టే, "ఇక వెళ్ళొస్తానే," అంది గోడతో. అల్లుడు కేకెయ్యబోయి ఆగిపోయాడు. యంత్రానికి సైగగా పెట్టుకున్న ఆఖరి కాగితం చేతిలోంచి దానంతటదే పైకి లేచింది.

గోడ ఒక్కసారి ఊగి, మోకాళ్ళ మీద కూలబడ్డట్టు కూలింది. తెల్లటి దుమ్ము ఆవిడ వైపు నడిచొచ్చింది. ఆవిడ కదల్లేదు. దూలం మీది పావురం అంతకుముందే ఎగిరి గేటు మీద వాలింది.

దుమ్ము అణిగేసరికి అల్లుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"బొమ్మలో లేనిది చేశాను, తిట్టు నాయనా," అంది ఆవిడ.

"లేదత్తయ్యా. నేను గీయించిన వాటన్నిటికంటే అదే బాగుంది. సినిమా అంతా అక్కడే ఉంది."

"ఇన్నాళ్ళకి!" అంది పెళ్ళాం, బండి వదిలేసి నడుం పట్టుకుంటూ.

అల్లుడు పరుగున బండి దగ్గరికి వచ్చాడు. "ఒరేయ్, ఏదీ, అత్తయ్య వెనక్కి తిరిగిందే, అది చూపించు."

బావమరిది కెమెరా వంక చూశాడు. బావ చేతిలోంచి కాగితాలు తీసుకుని, మొదటి నుంచీ ఒక్కొక్కటే తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

పందెం సంగతి మీరు మరిచిపోలేదు కదా? ఈ కథలో నేను కల్పించింది ఆ మీసం ఒక్కటే. నాకది ఏనాడూ లేదు. బావమరిది జవాబులో మాత్రం అక్షరం మార్చలేదు:

"కెమెరా ఆన్ చేసే బొమ్మ ఇందులో లేదు కదా బావా!"